మా బర్రె విన్న ఆల్బం

పొద్దుగాల నా మొదటి ఆల్బం నెట్‌ల పెట్టిన. అండ్ల పాడెటోళ్లు లేరు, అంతా కంప్యూటర్‌ల కట్టిన బీట్లే. లాల్‌దర్వాజల మాకు బర్రెలున్నయి. అమ్మ పాలు పిండుతుంటే బకెట్‌ల పడే ధార చప్పుడు రికార్డు చేసి, దాని మీదనే మొదటి ట్రాక్ కట్టిన.

దోస్తులందరికి లింక్ పంపిన. అందరు "కంగ్రాట్స్ భాయ్" అన్నరు, ఒక్కడు గూడ వినలే. ఇది నడవకుంటే లాప్‌టాప్ అమ్మేసి మామ దుకాణంల కూసుంటనని బాపుకు మాటిచ్చి ఉన్న.

మధ్యాహ్నం దాటినంక దిమాక్ ఖరాబై, స్పీకర్ పట్టుకొని కొట్టంలకు పోయిన. ఇదే ఆఖరిసారి అనుకుంట మొదటి ట్రాక్ పెట్టిన. జర సేపటికి మా పెద్ద బర్రె మెడ తిప్పి చూసింది. చూస్తే అది చేపింది. ఎవలు ముట్టకముందే చన్నుల నుంచి పాలు కారుతున్నయి.

అమ్మ లోపల్నించి ఉరికొచ్చింది. "ఎవలురా గీ టైంల పిండుతున్నది?"

"ఎవలు లేరమ్మా. గది నా ఆల్బం."

స్పీకర్ దిక్కు చూసింది, బర్రె దిక్కు చూసింది. నేను బంద్ చెయ్యబోయిన.

"ఆపకు. నువ్వు ఆపితే అదీ పాలు ఆపుకుంటది. అయిపోయేదాంక పెట్టు," అని బకెట్ తెచ్చుకొని కూసుంది.

నా ఆల్బం ఆపొద్దన్నది ఇయ్యాల మా అమ్మ ఒక్కతే, అదీ పాల కోసం. మొత్తం విన్నది బర్రె. లింక్ కింద పెట్టిన. బాపు ఇంటికొచ్చి అడిగేలోపు, మనుషులల్ల ఎవలన్న ఒక్కలు వినుండ్రి.