చింతదుంగలో మేకు

కార్వేటినగరంలో రంపంకోత ఓబయ్యకు ముక్కు మీదే కోపం. ఊళ్లో అందరూ దాన్ని పౌరుషమనేవారు. పక్కింట్లో ఉండి పొద్దస్తమానం ఆ అరుపులు విన్నదాన్ని, నేను మాత్రం అనను.

ఆయన దగ్గర మూడు రంపాలుండేవి. పచ్చిదుంగలకు పెద్ద పళ్ళది, ఎండిన టేకుకు చిన్న పళ్ళది, ఇనుము కోయడానికి జానెడు పొడవున్న సన్నపళ్ళది. వెదురు కోసుకుంటామని ఎవరైనా పెద్ద రంపం అడిగితే చాలు, వాళ్లను తిట్టగా మిగిలిన కోపానికి ఇంట్లో చెంబులు వీధిలో పడేవి. భార్య గంగులమ్మ వాటిని ఏరుకొచ్చి, కడిగి బోర్లించేది.

యుద్ధం నడుస్తున్న రోజులు. కొత్త రంపం మద్రాసులో కూడా దొరకడం లేదు. ఆ ఎండాకాలం కలప వ్యాపారి తిరుమలయ్య బండి మీద ఒక చింతదుంగ పంపాడు. ఇంటి ముందు ఓబయ్య, తమ్ముడు చిన్నబ్బ దాన్ని సగం కోశారో లేదో, పెద్ద రంపం కర్రుమని ఆగిపోయింది. పళ్ళు విరిగాయి. గొడ్డలితో చీల్చి చూస్తే లోపల తుప్పు పట్టిన మేకు, దానికి చుట్టిన రాగితీగ. పట్టకారుతో లాగినా రాలేదు.

"చెట్టుకు మేకు కొట్టించినోడు ఎవుడురా? వాని చెయ్యి ఇరగ్గొడతా" అని ఓబయ్య వీధి అదిరేలా అరిచాడు.

మజ్జిగ తెచ్చిన గంగులమ్మ చెంబు కింద పెట్టి, వంగి ఆ రాగితీగను చూసింది.

"కొట్టించినాది మీయమ్మ" అంది మొగుడితో. "ఇది భూతవైద్యుని ఇంటి ముందర ఉండిన చెట్టు. ఈ తీగతోనే నా ఎంటికలు కట్టి, మేకు దిగ్గొట్టి, జుట్టు కోసినాడు. నేను కదలకుండా భుజాలు పట్టుకున్నది నువ్వే."

చిన్నబ్బ తల దించుకున్నాడు.

"పెండ్లయిన కొత్తల్లో మీయమ్మకు ఒక్క మాట ఎదురు చెప్తిని. దయ్యం పట్టింది, దాన్ని చెట్టుకు దిగ్గొట్టాలనిరి. నువ్వు దినామూ అరస్తావు గదా, నీకు ఏ చెట్టున కొట్టినారు మేకు?"

గోడ ఇవతల నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ ఆ చెంబులు కడిగిన మనిషి ఇది కడుపులో పెట్టుకుని కడిగిందన్నమాట.

గంగులమ్మ వాళ్ల ఇంటి గోడకు తగిలించిన సన్నపళ్ళ రంపం తీసుకుంది. ఏది దేనికో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆయన అరుపుల్లోనే అంతా వింది. మేకు మీద పెట్టి గట్టిగా లాగింది. దుంగ కదిలిపోయింది.

ఓబయ్య వంగి, రెండు చేతులా దుంగను కదలకుండా పట్టుకున్నాడు.