లావుపాటి ఎర్ర వైరు

అది 2000, కంప్యూటర్ల వైటూకే హడావిడి సద్దుమణిగిన ఏడాది. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నుంచి టూవూంబా వెళ్ళే బస్సులో నా పక్కన ఒక తెలుగు ఆంటీ కూర్చున్నారు. ఒళ్ళో లావుపాటి ఎర్ర వైరు చుట్ట ఉంది. నేను దానివైపే చూస్తుంటే ఆవిడే చెప్పారు.

"అంకుల్ కేరవాన్‌లో, అదే కారు వెనక తగిలించుకుని ట్రిప్పులకెళ్ళే బండిలో, ఫ్రిజ్‌కి బాబూ. కారు బ్యాటరీ నుంచి కనెక్షన్ ఇస్తారట. సన్న వైరైతే అంత దూరం కరెంటు సరిగ్గా అందదు, ఫ్రిజ్ కూల్ అవదు అంటారు."

"ట్రిప్ ఎప్పుడాంటీ?"

ఆవిడ ఒళ్ళో వైరు చుట్టని సర్దుకున్నారు.

"ట్రిప్పెక్కడిది? ఆయనకి మతిమరుపు జబ్బు. డాక్టర్లు డ్రైవింగ్ వద్దన్నారని కారు అమ్మేశాం. ఆ సంగతీ గుర్తుండదు. వైరు బిగిస్తారు, మర్నాడు అదెందుకో తెలీక ముక్కలుగా కోసేస్తారు, మళ్ళీ తెమ్మంటారు. మా ఊరి షాపతను జాలిపడి ఇంక అమ్మనన్నాడు. అందుకే బ్రిస్బేన్ దాకా వచ్చి కొన్నా."

"తేవడం మానేస్తే?"

"ఒకసారి మానేశాను. రోజంతా ఖాళీ చేతులు చూసుకుంటూ కూర్చున్నారు."

బస్సు దిగేసరికి పొరుగింటావిడ అంకుల్‌ని వెంటబెట్టుకొచ్చి నిలబడి ఉంది. ఆయన వైరు మందాన్ని వేళ్ళతో నొక్కి చూసుకుని మురిసిపోయారు.

"పర్ఫెక్ట్! రేపు మార్నింగే స్టార్ట్ అయిపోదాం."

"అలాగేనండీ," అన్నారు ఆంటీ.

ఆయన నావైపు తిరిగారు. "నువ్వూ రావయ్యా. ప్లేస్ ఉంది."

"వస్తానంకుల్," అన్నాను.

సంతోషంతో నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టు ఎంతకీ వదల్లేదు. చివరికి ఆంటీయే ఒక్కో వేలూ మెల్లగా విడదీసి, ఆ చేతిలో వైరు పెట్టారు.