దుప్పటి మీద తొమ్మిది గుంతలు

మావారి గోల్ఫ్ అంటే నాకు ముప్పై ఏళ్లుగా ఒళ్లు మంట. ఆదివారం ఇంకా తెల్లారకముందే లేచి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసి, ఫిల్మ్‌నగర్ వెనక కొండ మీదున్న ఆ చిన్న కోర్సుకి వెళ్లిపోయేవారు. మొత్తం తొమ్మిదే హోల్స్. "బంతిని గుంతలో వెయ్యడానికి కొండెక్కాలా అండీ? పెరట్లో ఓ గుంత తవ్విస్తాను, హాయిగా వేసుకోండి" అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆయన సినిమా ఎడిటరు. వారమంతా చీకటి గదిలో కూర్చుని ఊళ్లోవాళ్ల మాటలు కత్తిరించే మనిషి. నాకేమో నోరే బతుకుతెరువు. ఒకప్పుడు హీరోయిన్లకీ, తర్వాత అత్తగార్లకీ, ఈమధ్య బామ్మలకీ డబ్బింగ్ చెబుతున్నాను.

కిందటి వానాకాలం చివర్లో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ, కుడికాలూ పడిపోయాయి. మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, తిరిగి చెప్పలేరు. "కాలూ చెయ్యీ మెల్లగా వస్తాయమ్మా, మాట సంగతే ఇప్పుడు చెప్పలేను. మొదటి కొన్ని నెలలే ముఖ్యం" అన్నారు డాక్టరుగారు. నడవకపోతే పోనీ, నేను తిప్పుకుంటాను చక్రాల కుర్చీలో. ఆ గొంతు మాత్రం నాకు కావాలి. ఆ గొంతుతో ఓ తిట్టు తిట్టినా చాలనుకున్నాను.

మాటలు నేర్పడానికి రహమత్‌నగర్ నుంచి ఓ అమ్మాయి స్కూటీ మీద వచ్చేది. నెల దాటినా ఆయన నోట "ఊ" తప్ప ఏమీ రాలేదు. ఓరోజు ఆ పిల్ల నామీద విసుక్కుంది.

"ఆంటీ, అంకుల్ నోరు తెరవంగనే మీరే చెప్పేస్తున్నరు. ఇగ ఆయనెందుకు మాట్లాడ్తడు చెప్పుర్రి?"

నాకు చర్రున కోపమొచ్చింది. ఆ పిల్ల వెళ్లాక ఆలోచిస్తే సిగ్గేసింది. నిజమే. ఆయన పెదవి కదలగానే "మంచినీళ్లా?", "కిటికీ తెరవనా?", "దిండు ఎత్తుగా ఉందా?" అని నేనే అనేస్తున్నాను. తెరమీద పెదవి కదిలితే మాట అందించడం ముప్పై ఏళ్ల అలవాటు. మైకు ముందు అన్నం పెట్టిన ఆ విద్యతోనే కట్టుకున్నవాడికి కూడా డబ్బింగ్ చెప్పేస్తున్నానన్నమాట. ఆయన పాపం ఇంక నోరెందుకు కదుపుతారు?

మర్నాడు ఆ పిల్లే దారి చూపించింది. "మీకు అస్సలు తెల్వనిది, అంకుల్‌కు పాణమైనది ఏమన్న ఉందా ఆంటీ? గది మాట్లాడుర్రి. మీకు తెల్వదు గద, అందించలేరు."

ఇంకేముంటుంది? ఆ గుంతలే.

అడగడానికైనా అక్కడేముందో చూడాలి కదా, షేక్‌పేటలో ఉండే కేడీకి ఫోన్ చేశాను. ఇరవై ఏళ్లుగా మావారి కర్రల సంచీ మోసిన మనిషి. మంగళవారం ఆట ఉండదట, పొద్దున్నే రమ్మన్నాడు. నా జన్మలో మొదటిసారి ఆ కొండెక్కాను. మంచు పడుతోంది. బండరాళ్ల మధ్య పచ్చగడ్డి పరుచుకుని ఉంది. ఎక్కడో నెమలి అరిచింది. కింద షేక్‌పేట ఫ్లైఓవర్ మంచులో సగం కరిగిపోయి, దానిమీద బళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. ఇంత అందాన్ని ఈయన ముప్పై ఏళ్లు నాకు చెప్పకుండా దాచుకున్నారా అని కడుపు మండింది. చెబితే వినేదాన్నా, అది వేరే సంగతి.

మొదటి హోల్ కొండ మీంచి కిందికి. గట్టిగా బాదెయ్యాలనిపిస్తుంది ఎవరికైనా. "అదే తప్పు అమ్మా" అన్నాడు కేడీ. "గీడ బలం పనికిరాదు. కొండనే కొడ్తది, మనం జర ముట్టుకుంటే సాలు. చిన్న కర్ర తీయాలె." రెండోది నిలువునా ఎక్కుడు. దగ్గరే అనిపిస్తుంది గానీ, కన్ను చెప్పినదానికంటే ఒక మెట్టు పెద్ద కర్ర తీసుకోవాలట. మూడోదాంట్లో నేలంతా ఎడమకి వాలి ఉంది. గుంతలో పాతిన జెండా ఎడమవైపుంటే బంతిని కుడివైపు బండల మీదికి పంపాలి. అదే దొర్లుకుంటూ దిగొస్తుంది. నాలుగోది చిన్నది, గాలి చూసుకుంటే చాలు. అయిదోదాంట్లో జెండాయే కనపడదు, గట్టు అడ్డం. గట్టు మీద సున్నం కొట్టిన రాయొకటి ఉంది. దాన్ని నమ్ముకుని కొట్టేసి, తర్వాత వెళ్లి వెతుక్కోవడమే. "కనపడనిదాన్ని ఎలా కొడతారయ్యా?" అంటే, "సార్ కండ్లు మూసుకోని కొడ్తడమ్మా గీడ" అన్నాడు నవ్వుతూ.

స్కూలు పిల్లలా అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆరో గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, బంతి ఎప్పుడూ ఫ్లైఓవర్ వైపే జారుతుంది, కంటికి మాత్రం అటే ఎత్తుగా కనిపిస్తుంది. ఏడోదాంట్లో బంతి పాదాలకంటే ఎత్తున నిలుస్తుంది, అలాంటప్పుడు కర్ర కిందికి పట్టుకోవాలి, కాస్త కుడికి చూసుకోవాలి.

ఎనిమిదో హోల్ దగ్గర కేడీ ఆగాడు. ముందు లోతైన వాగు, నీళ్లు లేవు, అన్నీ రాళ్లే. అవతలి గట్టున జెండా. తెలివైనవాళ్లు బంతిని ఇవతలే ఆపి, రెండో దెబ్బకి దాటిస్తారట. "సార్ గట్లనే ఆడ్తడు. ఒక్కసారన్న దాటియ్యుర్రి సార్ అంటే, ఇంకోసారి అంటడు. ఇరవై ఏండ్ల సంది గదే ముచ్చట." తొమ్మిదోది క్లబ్బు వైపు తిరిగి ఎక్కడం. అప్పటికి నా మోకాళ్లు చెప్పినమాట వినడం మానేశాయి.

ఆ సాయంత్రం నుంచి ఆట మొదలుపెట్టాను. ఆయన ఎడమ మోకాలు ఎత్తిపెట్టి, దుప్పటి కప్పితే అదే కొండ. మడతలు లోయలు. ఊరగాయ సీసా మూత జెండా. బంతి మాత్రం ఉత్తుత్తిదే, ఎక్కడ పడిందో నేను నోటితో చెప్పాలి. నాలుగింటికి కిటికీలోంచి ఏటవాలు ఎండ పడి, దుప్పటి మీద నిజంగానే నీడలు దిగేవి. తలపైన ఫ్యాన్ తిరుగుతుంటే నాలుగో హోల్‌కి గాలి కూడా దొరికింది. "మొదటిది. ఏ కర్ర?" అని అడిగి నోరు మూసుకునేదాన్ని. నోరు మూసుకోవడం నాకెంత కష్టమో ఆయనకి తెలుసు. మొదటిరోజే కళ్లతో నవ్వారు.

ఎడమచేతి వేళ్లతో కర్ర నంబరు చూపించేవారు, నంబరు పెరిగేకొద్దీ కర్ర పొట్టిదట. అయిదు, మళ్లీ రెండు. ఏడో నంబరు. కేడీ చెప్పినదానికి సరిపోతే బంతిని చక్కగా దింపేదాన్ని, లేకపోతే రాళ్లలో పడేసేదాన్ని. ఒక్కోసారి ఇద్దరం ఆ మడతల్లోకి చూస్తూ ఉండిపోయేవాళ్లం. వీధిలో కూరగాయల బండి మైకు అరుస్తున్నా వినపడేది కాదు. తడిగడ్డి మీద నడుస్తున్నట్టే నా అరికాళ్లు చల్లబడేవి. ఇన్నేళ్లకి ఆయనతో ఆదివారాలు దొరికాయి. సంతోషంగానే ఉండేది, ఆ వెంటనే భయమేసేది. వేళ్లు మాట్లాడుతున్నాయి, నోరు మాట్లాడటం లేదు. చూస్తుండగానే నాలుగో నెల వచ్చింది. డాక్టరు చెప్పిన ముఖ్యమైన నెలలు చేతిలోంచి జారిపోతున్నాయి.

ఒకరోజు ఎనిమిదోదాని దగ్గరికి వచ్చాం. "మామూలేగా? ఇవతల ఆపుదాం" అన్నాను.

తల అడ్డంగా ఊపారు. ఎడమచెయ్యి మోకాలి మీంచి ఎత్తి, అవతలి మడత వైపు చాచారు.

"దాటిస్తారా? పెద్ద కర్రా?"

అవునన్నట్టు కళ్లు మూసి తెరిచారు. కాలూ చెయ్యీ బాగున్నన్నాళ్లూ 'ఇంకోసారి' అన్న మనిషి, ఇప్పుడు పక్కమీద పడుకుని ఆ వాగు దాటిస్తానంటున్నారు. నా కళ్లముందు బంతి లేచింది. రాళ్ల మీంచి, మంచులోంచి పోయింది. ఏం చెప్పను? నోటుపుస్తకం ప్రకారమైతే అది వాగులో పడాలి. పడిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"దాటిందండీ! అమ్మో, జెండా పక్కనే పడింది!" అని చప్పట్లు కొట్టాను. బామ్మ పాత్రకి కూడా అంత హుషారుగా చెప్పలేదెప్పుడూ.

ఆయన నావైపు అలాగే చూశారు. మొహం ఎర్రబడింది. పెదవి వంకరపోయింది.

"అ..." అన్నారు. "అబ... అబద్ధం."

నాలుగు నెలల తర్వాత నా మొగుడు మాట్లాడాడు. దేవుడికి దణ్ణం పెట్టుకోవాలా, కాళ్లమీద పడి ఏడవాలా? నాకు మాత్రం ముందు పౌరుషమొచ్చింది.

"అబద్ధమేంటి? నా కళ్లతో చూశాను! దాటింది!"

"అబద్ధం" అన్నారు మళ్లీ, ఈసారి ఇంకాస్త గట్టిగా.

"ఎవరండీ చూసింది, మీరా నేనా? ముప్పై ఏళ్లుగా ఇంతే మీతో. నేనేం చెప్పినా నమ్మరు!" అరుస్తూనే ఏడుస్తున్నాను. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసింది. చూస్తే చూడనీ. మా ఇంట్లో పోట్లాట జరిగి ఎన్నాళ్లయిందని!

చివరికి ముక్కు చీదుకుని కూర్చున్నాను. "సరే మహానుభావా, దాటలేదు. వాగులో పడింది. ఇప్పుడేం చేద్దాం?"

ఆయన పెదవులు మూసుకున్నాయి. అక్కడే ఆగిపోయాయి. డబ్బింగ్‌లో మాకు ముందుగా కనపడేవి అవే, పెదవులు మూసుకునే అక్షరాలు. ప కావచ్చు, బ కావచ్చు, మ కావచ్చు. పది మాటలు నా నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. 'పోనీ' అనబోతున్నారా? 'మానేద్దాం' అనా? అందించేద్దామని నోరు తెరవబోయి, రెండు చేతులతో గట్టిగా మూసుకున్నాను. ఎండ దుప్పటి మీంచి నేలమీదికి దిగింది. ఆయన నుదుటిమీద చెమట పట్టింది. నేను తుడవలేదు, కదల్లేదు.

"మ..." అన్నారు. "మళ్లీ... కొడతా."