మామ పిసికిన ఎర

మా మామకు కరోనా జ్వరం తగ్గింది గానీ వాసన మాత్రం తిరిగి రాలేదు. ఏళ్లు గడిచినా రాలేదు. పొయ్యి మీద అన్నం మాడినా తెలియదు, పక్కనే అగరొత్తి వెలిగించినా తెలియదు. బస్సు డ్రైవరుగా రిటైరై కోరుట్లలో ఇంటిపట్టున ఉన్న మనిషి, పొద్దుపోక గాలం పట్టాడు. కళ్లు తిరుగుతున్నాయనడంతో బండి నడపనిచ్చేవాళ్లం కాదు. ఆయన కొడుకు, అంటే మా ఆయన, మస్కట్‌లో ఉంటాడు. అందుకని ఆదివారాలు జాకెట్లు కుట్టే పని పక్కన పెట్టి, మామను స్కూటీ మీద ఊరి బయటి చెరువుకు తీసుకెళ్లడం నా వంతయింది.

నాకు ఇంకో పని కూడా ఉండేది. ఆయన బదులు వాసన చూడడం. తవుడు, పల్లీల పిండి, బెల్లం కలిపి పిసికి, ముద్దను నా ముందు పెట్టేవాడు.

"బిడ్డా, వాసన సూడు. ఎట్లున్నది?"

"సోంపు ఎక్కువైంది మామా."

"కానియ్. నాకెట్లాగూ తెల్వది. గా చేపలకన్న తెలుస్తది."

వాసన పోయిన మనిషికి వాసన మీదే ధ్యాస. ఒక వారం సోంపు, ఒక వారం ఇలాచి, ఇంకో వారం మెంతులు. ఏది కలిపినా చేపలు పడేవి. ఎక్కువగా బంగారుతీగ చేపలే. పక్కన నేను విడిగా పిండి పిసుక్కుని వేసిన గాలానికి మాత్రం ఒక్కటీ పడేది కాదు. చేయి తిరగలేదు కాబోలనుకున్నాను.

సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పనిచేసే నా తమ్ముడికి చేపల పిచ్చి. ఈ సంగతి విని, ఫోన్‌లో ఆర్డర్ పెట్టి తెప్పించుకున్న ఎసెన్స్ సీసాలు పట్టుకుని వచ్చాడు. స్ట్రాబెర్రీ, పైనాపిల్, ఇంకేవో.

"ఫ్లేవర్‌లనే ఉంటది మామా అంతా. సూడుండ్రి, ఇయ్యాల గంప నిండుతది."

గంప నిండలేదు. వాడి స్ట్రాబెర్రీని ఏ చేపా ముట్టలేదు. అదే ముద్దలోంచి కొంత తీసుకుని మామ మళ్లీ పిసికి వేశాడు. బెండు వెంటనే మునిగింది. తమ్ముడికి పట్టుదల పెరిగింది. మామ గాలం వాడు తీసుకున్నాడు. మామ కూర్చున్న చోట వాడు కూర్చున్నాడు. అయినా మామ చేతిలో నలిగిన పిండికే చేప పడింది. చివరికి వాడు మామ చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి పిసకమన్నాడు. ఆ పిండిని నీళ్లలో వేసి ఎంతసేపు కూర్చున్నా బెండు కదల్లేదు.

కవర్లు విప్పి తమ్ముడు ఆయన అరచేతులు వాసన చూశాడు. నన్నూ చూడమన్నాడు. సబ్బు వాసన, దాని కింద బీడీ వాసన. అంతే.

"ఏమున్నది నా చేతులల్ల?" అని మామ నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు. ఆ సాయంత్రం సీసాలు మా ఇంట్లోనే వదిలి సిరిసిల్ల బస్సెక్కాడు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే వెళ్లాం. ఎండ బాగానే ఉంది. నేను ఇంకా సంచి విప్పలేదు. మామ ముఖం కడుక్కుందామని రాళ్ల మీదుగా నీళ్లదాకా దిగాడు.

"బిడ్డా, గిటు రా. సప్పుడు జెయ్యకు."

వెళ్లి చూశాను. ఒడ్డు పొడవునా నీళ్లు నల్లగా ఉన్నాయి. మబ్బు నీడేమోనని పైకి చూస్తే ఆకాశంలో మబ్బు లేదు. మళ్లీ కిందికి చూస్తే అవి వీపులు. ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ చేపలు. అన్నీ మా వైపే తిరిగి, నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. అన్ని నోళ్లు కదులుతున్నా చప్పుడు లేదు. గట్టు మీద ఒక ముసలాయన బర్రెలను నీళ్లకు తోలుతున్నాడు. అవి సగం దిగి ఆగిపోయాయి. కొట్టినా ముందుకు కదల్లేదు.

మామ మెల్లగా పక్కకు నడిచాడు. ఆ నలుపూ ఆయన వెంటే జరిగింది. నేను అటువైపు నడిచి చూశాను. నా వెంట ఒక్కటీ రాలేదు.

"మామా, పైకి రాండ్రి. ఇంటికి పోదాం."

ఆయన వినలేదు. వంగి కుడిచేయి నీళ్లలో పెట్టాడు. అవి కొరకలేదు, కొట్లాడుకోలేదు. ఒక్కొక్కటే వచ్చి ఆయన వేళ్లను నోట్లోకి తీసుకుని, చప్పరించి, ఇంకోదానికి దారిచ్చి పోతున్నాయి. మామ ముఖంలో భయం లేదు. అది చూసే నాకు భయం వేసింది.

"సల్లగున్నది బిడ్డా," అన్నాడు. "గవి నన్ను గుర్తువట్టినట్టున్నది."

భుజం పట్టి లాగితే గానీ పైకి రాలేదు.

ఆ రోజు నుంచి గాలం మూలన పడింది. మామ మాటిమాటికీ చేతులు కడుక్కునేవాడు. కడుక్కున్నాక వాసన అందుతుందేమోనన్నట్టు వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. రాత్రుళ్లు దాహమని లేచేవాడు. ఒకరోజు అత్త బాత్రూంలోంచి పిలిచింది.

"గీ చీమలు సూసినవా? మీ మామ పోయొచ్చినంక గిట్లనే పడుతున్నయి."

మరునాడే జగిత్యాల తీసుకెళ్లాం. షుగర్ బాగా ఎక్కువుందని డాక్టర్ గోళీలు రాశాడు. లేవబోతూ, సిగ్గుపడుతూనే అడిగాను.

"సార్, షుగర్ ఉంటే చేతులు తీపైతయా? చేపలు అస్తయా?"

"మూత్రంలో పోతదమ్మా, చేతులల్లకెందుకస్తది?" అని ఆయన మామ వైపు చూశాడు. మామ గోడకున్న క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు. డాక్టర్ కాదన్నా, ఇంటికొచ్చాక మామ షుగరే కారణమని గట్టిగా నమ్మాడు. ఏదో ఒక పేరు దొరికితే చాలనిపించి నేనూ కాదనలేదు.

గోళీలు పడ్డాయి. చీమలు రావడం మానేశాయి. వానలు వెలిశాక తమ్ముడు వచ్చినప్పుడు, ఒక్కసారి చూసొద్దామని మామే అన్నాడు. పిండి ఆయనే పిసికాడు. సోంపు సరిపోయిందని నేను చెప్పాను. ముగ్గురం అదే పిండి పెట్టి, ఎవరి గాలం వాళ్లం వేసి కూర్చున్నాం. చాలాసేపటికి నా గాలానికి జానెడు చేప పడింది. నా చేతికి పడ్డ మొదటి చేప అది. తమ్ముడు ఎగిరి గంతేశాడు.

"సోంపుకే పడ్డది అక్కా! ఫ్లేవరే అని నేను జెప్పలే?"

మామ గాలానికి ఏమీ పడలేదు. ఎండ ముదిరాక లేచి, చేతులు కడుక్కోవడానికి నీళ్లదాకా దిగాడు. నేనూ వెనకే దిగాను. నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున రాళ్లు కనబడుతున్నాయి. ఆయన కుడిచేయి నీళ్లలో పెట్టి, కడుక్కోకుండా అట్లాగే ఉంచాడు. నేను రమ్మని పిలిచాను. తమ్ముడు గట్టు మీంచి పిలిచాడు. ఆయన చేయి తీయలేదు.

"ఒక్కటి గూడ రాలే, బిడ్డా," అన్నాడు చివరికి.

ఇంటికి వెళ్లేదాకా ఆ తడి చేతిని పంచెకు తుడుచుకోలేదు.