పటం వెనకాల అట్ట

మా మావయ్య పటాలు కట్టేవాడు. అదీ ఒక్క మనిషికే. సగం దేశానికి ఉప్పూ, సబ్బూ, చెప్పులూ అమ్మి కోట్లకు పడగలెత్తిన పెద్దసారుకి. ఆయనకి ఎనిమిది వందల దుకాణాలు, ఒకే ఒక్క సరదా: గొప్పవాళ్ళ పక్కన నిలబడి ఫొటో దిగడం. వాటికి అద్దం వేసి ఆఫీసు గోడకి తగిలించడం ముప్ఫై ఏళ్ళుగా మావయ్య ఉద్యోగం.

గొప్పవాళ్ళతో చిక్కేమిటంటే, వాళ్ళు ఎల్లకాలం గొప్పవాళ్ళుగా ఉండరు. ఒకాయన బ్యాంకుని ముంచాడు. ఒకాయన మంత్రి కుర్చీలోంచి లేచి తిన్నగా జైలుకెళ్ళాడు. ఇంకొకాయన మాత్రలని చెప్పి సుద్దపొడి అమ్మాడు. పేపర్లో పడ్డ ప్రతిసారీ పెద్దసారు "ఆయనెవరో నాకు తెలీదు" అనేవారు. మేనేజరు మావయ్యని పిలిచేవాడు. మావయ్య పటం దించి, ఆ మనిషిని కోసేసి, మిగిలిన ముక్కకి మళ్ళీ ఫ్రేము కట్టేవాడు. చివరికి గోడనిండా పెద్దసారు ఒక్కరే మిగిలారు. అక్కడక్కడా ఆయన భుజం మీద ఎవరివో నాలుగు వేళ్ళు.

మొదటి దుకాణం తెరిచిన రోజు ఫొటోలో ఒక చివర పెద్దసారు, మధ్యలో బ్యాంకుని ముంచినాయన, రెండో చివర నిచ్చెన పట్టుకుని మావయ్య. మధ్యలో ఆయన్ని కోసిన రోజు మావయ్య మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

"మిమ్మల్ని మీరే కోసుకొచ్చారా?" అంది అత్తయ్య.

"మధ్యవాడు పోతే అంచువాడు ఆగుతాడా?" అన్నాడు.

రిటైరయ్యే నెలలో సంస్థ ఒక నోటీసు పెట్టింది. మొదటి రోజునుంచీ ఉన్నవాళ్ళు క్వార్టర్స్ ఖాళీ చెయ్యక్కర్లేదు, బతికున్నన్నాళ్ళూ ఉండొచ్చు. మావయ్యకీ అత్తయ్యకీ వేరే గూడు లేదు. పాత రిజిస్టర్లేమో మూడో ఏడునుంచే ఉన్నాయి.

"మొదటి రోజునుంచీ ఉన్నావని రుజువేంటయ్యా?" అన్నాడు మేనేజరు.

మావయ్య గోడమీది మొదటి దుకాణం పటం దించి, వెనకాల మేకులు ఊడదీసి, లోపల్నుంచి ఒక ముక్క తీశాడు. నిచ్చెనతో తను. తన భుజం మీద చెయ్యేసి నవ్వుతూ బ్యాంకుని ముంచినాయన.

"ఈ దొంగతో నీకింత చనువా? ఇలాంటి వాళ్ళతో తిరిగేవాడికి మేం ఇల్లివ్వాలా?"

"ఆయనెవరో నాకు తెలీదండీ," అన్నాడు మావయ్య. ఆ ఆఫీసులో ఆ మాట నిజంగా అన్న మొదటి మనిషి ఆయనే.

"అసలీ ముక్క పటంలో ఎందుకుంది?"

"ఫొటో కదలకుండా వెనకాల అట్ట పెట్టాలి కదండీ. అట్ట కొనడం దండగని కోసిన ముక్కే పెట్టేస్తానండీ."

"కోసినవన్నీనా?"

"అన్నీనండీ. ఎవరి పటంలో వాళ్ళున్నారు."

మేనేజరు గోడకేసి చూశాడు. ఆ దొంగలతో పెద్దసారుకి సంబంధాలేమిటో తేల్చడానికి సోమవారం విచారణ అధికారులొస్తున్నారు. లేచి తలుపేశాడు. తన చేత్తో కుర్చీ లాగాడు.

"కూర్చోండి," అన్నాడు.

ఇంటి కాగితం మర్నాడే వచ్చింది. మావయ్య మాత్రం అందరికీ ఆ "కూర్చోండి" గురించే మురిసిపోతూ చెప్తాడు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ముప్ఫై ఏళ్ళ చాకిరీకి పుట్టని గౌరవం, నాలుగు అట్టముక్కలకి పుట్టింది.