డబ్బా ఇంటికి రెండు స్విచ్చులు

రెండు స్విచ్చులు పెట్టమని అడిగినందుకు ఊరంతా నాకు పాఠం చెప్పింది. బడిలో ఇరవై ఏడేళ్ళు సైన్సు చెప్పినదాన్ని నేను. ఆ మాట చెప్పుకున్నా ఎవరూ ఖాతరు చేయలేదు.

మా ఆయన బస్సు డ్రైవరు. హన్మకొండ నుంచి ఏటూరునాగారం దాకా ఆ రోడ్డు మీదే సగం జీవితం గడిపారు. పాలంపేటకు పోయే మలుపు దగ్గర రోజూ బస్సు ఆపి గుడికి పోయేవాళ్ళను దింపేవారు గానీ, తాను దిగి చూసింది మాత్రం లేదు. రిటైరయ్యాక తీరిగ్గా చూద్దామనుకున్నారు. తీరా రిటైరైన ఏడాదికే షుగరు ముదిరి ఇన్సులిన్ మొదలైంది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇక ఆయన రాత్రిపూట ఇల్లు విడిచి ఉండటమే మానేశారు. చుట్టాల పెళ్ళికైనా పొద్దున పోయి పొద్దుగూకేలోగా తిరిగి రావడమే. "ఆడ కరెంటు పోతె మందు ఖరాబైతది," అనేవారు. మా ఎండలు తెలిసినవాళ్ళెవరూ ఆ భయాన్ని ఉత్తదనరు. కానీ ఊళ్ళు తిరిగిన మనిషి కిటికీ పక్కన కూర్చుని, హారన్ విని అది ఏ డిపో బస్సో చెబుతుంటే నేను చూడలేకపోయేదాన్ని.

అందుకే వెల్డింగ్ షాపులో చెప్పి కారు వెనక కట్టుకునే డబ్బా ఒకటి చేయించాను. రెండు చక్రాలు, రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒక ఫ్యాను, బ్యాటరీ మీద నడిచే చిన్న ఫ్రిజ్, పైన రెండు సోలార్ ప్లేట్లు. వైరింగు పని సుబేదారిలో మా వీధిలోనే ఉండే ఎలక్ట్రీషియన్‌కు అప్పజెప్పాను. అతనికి నేను అక్కను, మా ఆయన బావ. పని బాగానే చేస్తాడు, ఆడవాళ్ళ మాటే అతని చెవికి ఎక్కదు.

ప్లేట్ల నుంచి వచ్చే కరెంటును సర్ది బ్యాటరీలోకి పంపడానికి మధ్యలో ఒక చిన్న పెట్టె ఉంటుంది, కంట్రోలర్ అంటారు. ఫ్రిజ్‌కు కరెంటు కూడా దాన్నుంచే పోతుంది. ఎండలో ప్లేట్లు పనిచేస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీస్తే ఆ పెట్టె కాలిపోవచ్చు. అతను మిట్టమధ్యాహ్నం సరిగ్గా అదే పని చేశాడు. ఫ్యానుకు కొత్త తీగ వేస్తానని బ్యాటరీ తీగ లాగాడు. టప్‌మని చప్పుడొచ్చి పెట్టె చచ్చిపోయింది.

అప్పుడు చెప్పాను, ప్లేట్లకూ పెట్టెకూ మధ్య ఒక స్విచ్, పెట్టెకూ బ్యాటరీకీ మధ్య ఇంకొకటి పెట్టమని. ఆపేటప్పుడు ముందు ప్లేట్లది, తర్వాత బ్యాటరీది.

"స్విచ్ ఎందుకక్కా? పొద్దుగూకితె ప్లేట్లు వాటంతటవే బంద్ అయితయి."

"పగటి పూట రిపేరొస్తే?"

"దుప్పటి కప్పుదం." అని మా ఆయన వైపు తిరిగాడు. "ఏమంటవ్ బావా?"

"మీ అక్క ఏమంటే గదే," అన్నారాయన. ఆ మాట అతనికి సరదాగా తోచినట్టుంది, ముసిముసిగా నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

స్విచ్చులు కొనడం ఇంకో గోస. వరంగల్ బజారులో షాపాయన ఇంటి బోర్డులో పెట్టే ఎంసీబీ తీసి నా ముందు పెట్టాడు. ఇది ఏసీది, నాకు డీసీది కావాలన్నాను. "అమ్మా, కరెంటు ఏదైతేంది, కరెంటే," అన్నాడు. ఇంటి కరెంటు క్షణక్షణం సున్నాకు పడి లేస్తుంది కాబట్టి స్విచ్ ఆపగానే నిప్పురవ్వ చచ్చిపోతుందనీ, ప్లేట్ల కరెంటు అట్లా పడదు కాబట్టి రవ్వ అంటుకునే ఉండి స్విచ్చే కరిగిపోవచ్చనీ వివరించాను. అంతా విని మా ఆయనకు చాయ్ తెప్పించాడు. అలా నాలుగు సార్లు తిరిగితే గానీ డీసీ అని రాసి ఉన్నవి దొరకలేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

కొత్త పెట్టె, స్విచ్చులు బిగించే రోజు మళ్ళీ పేచీ. ప్లేట్ల తీగ వెనక వైపు దిగుతోందని ఆ స్విచ్‌ను వెనక గోడకు, పైకప్పు కింద పెట్టాడు. అందుకోవాలంటే స్టూలెక్కాలి. బ్యాటరీది తలుపు పక్కన, చేతికందే ఎత్తులో పెట్టాడు. ముందు ఆపాల్సింది చేతికందాలి, తారుమారు చేయమన్నాను.

"ఇంట్ల మెయిన్ ఏడుంటదక్కా? తలుపు పక్కకే గదా."

నాకు ఓపిక అయిపోయింది. సరే ఏడువు అనుకుని ఊరుకున్నాను. ఎర్ర నెయిల్ పాలిష్‌తో వెనకదాని మీద ఒకటి, తలుపు దగ్గరదాని మీద రెండు అని రాసి, ఏది ముందో ఏది తర్వాతో మా ఆయన చేత మూడుసార్లు చెప్పించుకున్నాను.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. పెళ్ళైన కొత్తలో అద్దె గదిలో ఉండగా ఆయన ఇస్త్రీపెట్టె ఆపడం మరిచి డ్యూటీకి పోయారు. మంచం పట్టె కాలింది, నా పట్టుచీర కాలింది. ఇంటి ఓనరు వాసన పట్టకపోతే గది మొత్తం పోయేది. ఆ రోజు నేను పెట్టిన గొడవకు వాడకట్టు వాడకట్టంతా గుమిగూడింది. అప్పటి నుంచి గడప దాటితే మెయిన్ ఆపాల్సిందే. నేను అడుగుతాను, ఆయన ఆపుతారు. ముప్పై ఆరేళ్ళలో ఒక్కనాడు తప్పలేదు. ఫ్రిజ్ వచ్చాక దానికి వేరే లైను వేయించుకున్నాం గానీ అలవాటు మాత్రం మానలేదు.

ఏప్రిల్ చివర పాలంపేట పోయాం. తెలిసిన రైతు తన కల్లం పక్కన డబ్బా పెట్టుకోనిచ్చాడు. ఆ రాత్రి ఫ్రిజ్ చల్లగా పనిచేసింది. తెల్లారి ఆయన ఇంజక్షన్ చేసుకుని మందు సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, తలుపు మూసి, దాన్ని ఒకసారి నిమిరారు. ఎండ ముదరకముందే గుడికి బయలుదేరాం. తలుపు దగ్గర నా ప్రశ్నలన్నీ అయ్యాయి, గొడుగు, నీళ్ళు, మాత్రలు వగైరా. నాలుగడుగులు వేశాక ఆయన గబగబా వెనక్కి పోయి వచ్చారు. నేను చెప్పుల పట్టీ సర్దుకుంటున్నాను, పట్టించుకోలేదు.

గుడిలో ఆయన ముఖం చూడాల్సింది. నంది ముందు గంటసేపు కూర్చున్నారు. "ఇన్నేండ్లు మలుపు దాక వచ్చి వాపస్ పోయిన, సూడు," అన్నారు. తర్వాత చెరువు కట్ట మీద సద్ది తిని, చెట్టు కింద కునుకు తీసి, నాలుగింటికి తిరిగొచ్చాం. మరో రెండు రాత్రులు ఉండి లక్నవరం కూడా చూసి పోదామని ఆయనే అన్నారు. నాలుగేళ్ళలో ఆ నోటి నుంచి అలాంటి మాట వినలేదు.

తలుపు తీస్తే లోపల కొలిమి. ఫ్రిజ్ మూగబోయి ఉంది. మందు సీసా పట్టుకుంటే వేణ్ణీళ్ళ చెంబులా తగిలింది. తలుపు పక్కన రెండో నంబరు స్విచ్ కిందికి ఉంది. వెనకది పైకే ఉంది. పెట్టె మీద దీపం లేదు, కొత్త పెట్టె కూడా పోయింది. సాయంత్రం ఇంజక్షన్‌కు మందు లేదు.

కోపమొస్తే నా నోట మీరు పోయి నువ్వు వస్తుంది. "ఏం మనిషివయ్యా నువ్వు! రాసి పెట్టిన గదా, కండ్లు కనవడ్తలేవా? ఎవల మందు అది? నా మందా? నీ కోసం గింత గోస పడితె ఇదా నువ్వు చేసేది?" వడ్లు ఆరబోస్తున్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు. రైతు తల దించుకున్నాడు. నాకు అడ్డూ అదుపూ లేకుండా పోయింది.

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. "నాదే తప్పు. పా, ఇంటికి పోదాం," అన్నారు. హన్మకొండ చేరి మందుల షాపులో కొత్త సీసా తీసుకున్నాక, "డబ్బా అమ్మేద్దాం. నాతోని అయితలేదు," అన్నారు.

మూడు రోజులు నేను కనపడ్డవాళ్ళకల్లా చెప్పాను. చెల్లెలికి ఫోన్లో చెప్పాను, పక్కింటావిడకు చెప్పాను. ఎలక్ట్రీషియన్, "బావకు స్టీరింగ్ తప్ప ఏం తెల్వదక్కా," అంటే అతనితో కలిసి నవ్వాను కూడా.

నాలుగో రోజు షుగరు పరీక్షకు దవాఖానకు బయలుదేరాం. నేను గడప దాటి, సంచీ భుజానికేసుకుంటూ అన్నాను. "మెయిన్ బంద్ చేసిన్రా?"

ఆయన చెయ్యి అప్పటికే బోర్డు మీద ఉంది. నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుని తాళం వెతకసాగారు. కల్లం దగ్గర గొడుగు, నీళ్ళు, మాత్రలు అడిగిన నోటితోనే ఆ మాటా అడిగాను. అందుకే ఆయన వెనక్కి పోయారు.

"ఆ రోజు గూడ అడిగిన గదా నేను?"

"ఏమో, యాదికి లేదు."

"నిజం చెప్పుండ్రి."

"అడిగినవ్," అన్నారు మెల్లగా. "నువ్వడిగితె నేను బంద్ చెయ్యకుంట ఎప్పుడన్న ఉన్ననా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"అంతమందిల ఏం చెప్త? జర నీ కోపం తగ్గినంక చెప్దామనుకున్న." తాళం వేసి చేతిలో పెట్టారు. "తగ్గలే గదా."

నేను మెట్ల మీదే కూర్చున్నాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. కాసేపటికి ఫోన్ తీసి ముందు ఎలక్ట్రీషియన్‌కు చేశాను. రెండో స్విచ్ తలుపు దగ్గరి నుంచి తీసి లోపల మంచం కింద పెట్టాలనీ, కొత్త పెట్టె తేవాలనీ, వచ్చే వారం మళ్ళీ పాలంపేట పోతున్నామనీ చెప్పాను. బావ తప్పేమీ లేదనీ, అదంతా నేను చేసిందేననీ చెప్పాను.

"బావ పక్కకే ఉన్నడా అక్కా?" అన్నాడు అనుమానంగా.

"ఉన్నరు," అన్నాను. ఆయనకు వినపడాలనే స్పీకర్ పెట్టాను.