కనకలక్ష్మక్క కోసిన గేరు

"రెండూ ఒక్క దిక్కే వాలినయ్. గిట్ల వాలితె ఒకదాంట్ల ఒకటి ఎట్ల కూసుంటయ్, చెప్పు ప్రవీణూ?"

కనకలక్ష్మక్క ఒక చేతిలో నల్లటి ఇనుప గేరు, ఇంకో చేతిలో తెల్లటి ప్లాస్టిక్ గేరు పట్టుకుంది. రెంటినీ ఆనించి తిప్పబోతే పళ్లు ఒకదాని మీదికొకటి ఎక్కి ఆగిపోయాయి. మేం ముగ్గురం మా అపార్టుమెంటు రెండో సెల్లారులో, ఆమె జీపు పక్కన నిలబడి ఉన్నాం.

"అచ్చు దాన్నే స్కాన్ చేశా ఆంటీ. వంపులో వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాడు ప్రవీణ్. నాలుగో అంతస్తులో ఉంటాడు, కోకాపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తను కొత్త జీపు కొన్నప్పటి నుంచి అక్క పాత జీపు చుట్టూ తిరుగుతున్నాడు.

"గదే తప్పయింది బిడ్డా. ఇది కాపీ కొట్టెడిది కాదు, జోడీ కట్టెడిది. ఒకటి ఎడమకు వాలితె రెండోది కుడికి వాలాలె."

ప్రవీణ్ ప్లాస్టిక్ గేరును అటూ ఇటూ తిప్పి చూశాడు. మరోసారి తిప్పాడు. "బోర్లా పెట్టినా అటే వాలుతోందే," అన్నాడు.

"వాల్తది. నువ్వు తలకిందులు నిలవడ్డా నీ కుడిచెయ్యి కుడిచెయ్యే గద."

ఈ గేరు సంగతి ఎందుకింత అవసరమైందో చెప్పాలి. జీపులో ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకూ పంచే గేరు డబ్బా ఒకటుంటుంది. అందులో ఒక గేరు విరిగి, రెండేళ్లుగా బండి కదల్లేదు. విరిగిన ముక్కల్ని అక్క ఒక డబ్బాలో దాస్తే, సెల్లారు శుభ్రం చేసిన రోజు అవి కూడా చెత్తలోకి పోయాయి. అలాంటి గేరు ఇప్పుడు ఎక్కడా అమ్మడం లేదు. కొలతలు, పళ్ల లెక్క పాత పుస్తకంలో దొరికాయి. వంపు మాత్రం దాని పక్కన తిరిగే ఈ నల్ల గేరును చూసి దింపి, త్రీడీ ప్రింటరులో ప్లాస్టిక్ నమూనా తీశాడు ప్రవీణ్.

ఈలోగా లిఫ్టు దగ్గర నోటీసు అంటించారు. నడవని బండ్లు సెల్లారులో ఉండరాదు, ఆయిలు కారి టైల్సు పాడవుతున్నాయి, ఆదివారం పదకొండు గంటల్లోగా తీయకపోతే తుక్కు లారీ పిలిపిస్తాం. కింద సెక్రటరీ మునిస్వామి గారి సంతకం. ఎవరూ సులువుగా చింపకుండా దళసరి అట్టలాంటి కాగితం మీద అచ్చు వేయించారు. ఆయన చెడ్డవాడేం కాదు. చిత్తూరు వైపు నుంచి వచ్చి, గోపన్‌పల్లిలో అందరి మాటా పడుతూ అపార్టుమెంటు నడిపే మనిషి.

నోటీసు చదివి అక్క భర్త మొగిలి, "నన్ను గూడ ఆ లారీల ఎయ్యమను. నేను గూడ రెండేండ్లసంది కుర్చీలకెల్లి లేస్తలేను," అన్నాడు.

"నిన్ను తుక్కోడు గూడ తీస్కపోడు," అంది అక్క.

ఈ అపార్టుమెంటు లేచింది వాళ్ల పొలంలోనే. బిల్డరుకు భూమి ఇచ్చినప్పుడు అక్క రెండు ఫ్లాట్లతో పాటు జీపుకు సెల్లారులో చోటు రాయించుకుంది. అప్పటికే ఆ బండి ఇరవయ్యేళ్లుగా ఆమెది. మిలిటరీ వాళ్లు వేలం వేసిన సరుకులో బాలానగర్‌కు వచ్చింది. పైరంగు గీకిన చోట ముదురాకుపచ్చ, దాని మీద మిలిటరీ నంబరు, నంబరు ముందు మిలిటరీ బండ్లకుండే బాణం గుర్తు బయటపడ్డాయి. ఆ బాణం మీద ఇప్పటికీ రంగు వేయనివ్వదు. బండరాళ్ల మధ్య నుంచి గడ్డి మోసింది, ఎరువు మోసింది, పురిటి నొప్పులతో ఉన్న ఆమెనే దవాఖానకు మోసింది. "ఆ దినం ఈయన తోలిండు. నొప్పులల్ల గూడ గేర్లు నేనే చెప్పిన," అంటుంది.

గేర్లు ఆమెకు తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి? బాలానగర్ వర్క్‌షాపులో ఇనుప రజను ఊడ్చే పనికి చేరి, చూసి చూసి గేర్లు కోసే మిషను నేర్చుకుని, దాని ముందే పంతొమ్మిదేళ్లు నిలబడింది.

శుక్రవారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని అక్కడికే వెళ్లింది. ఓనరు రవీందర్ ఇప్పుడన్నీ కంప్యూటర్ మిషన్లే నడుపుతున్నాడు. పాత మిషను మూలన టార్పాలిన్ కింద ఉంది.

"వదినా, అది తిరిగి మూడేండ్లాయె. పళ్లు కోస్తదో, నీ పళ్లూడగొడతదో."

"జర కరెంటియ్యి రవీందరూ. మిగిలింది అదీ నేనూ చూస్కుంటం."

నూనె పోసింది. చెయ్యి ఆనించి, చెవి పెట్టి వింది. మిషను తలను నల్ల గేరు వంపుకు ఎదురు దిక్కుకు తిప్పి బిగించింది. ఇనుప దిమ్మె తిరగడం మొదలయ్యాక నాలుగు గంటలపాటు మిషను ముందు నుంచి కదల్లేదు. నేను చాయ్ తెచ్చి పెడితే చల్లారిపోయింది. కోత అయ్యాక నల్ల గేరుకు ఆనించి తిప్పి చూసింది. చప్పుడు లేకుండా తిరిగాయి. రవీందర్ కుర్రాళ్లలా ఈల వేసి, కాల్చి గట్టిపరిచే పని తనే దగ్గరుండి చేయిస్తానన్నాడు.

శనివారమంతా వాన. ఆ రోజే గట్టిపడి వచ్చిన గేరును ప్రవీణ్ జీపు కిందికి దూరి, అక్క చెప్పింది చెప్పినట్టు బిగించాడు.

ఆదివారం పదిన్నరకు గేటు బయట తుక్కు లారీ వచ్చి ఆగింది. వాన నీళ్లు దిగి ర్యాంపు నున్నగా మెరుస్తోంది. సగం అపార్టుమెంటు పైన చేరింది.

"జారుతుంది ఆంటీ. నా బండికి తాడు కట్టి లాగనా?" అన్నాడు ప్రవీణ్.

"లాగితె నడిచినట్టెట్లయితది? నోటీసుల ఏం రాసిండ్రు? నడవాలె. పక్కకు జరుగు."

స్టార్టు చేసింది. మూడోసారికి ఇంజను అందుకుంది. నాలుగు చక్రాలకూ బలం వెళ్లేలా చేసే చిన్న గేరు కర్ర లాగి, అతి నెమ్మది గేరులో వేసి, ర్యాంపు ఎక్కించింది. మలుపు దగ్గర వెనక చక్రం ఒకటి సర్రున జారింది. అక్క యాక్సిలరేటరు తొక్కలేదు. అలాగే ఉంచింది. ముందు చక్రాలు నేలను పట్టుకుని బండిని లాక్కున్నాయి. రెండు అంతస్తులూ మనిషి నడిచే వేగంతో ఎక్కి, జీపు ఎండలోకి వచ్చింది. బాణం గుర్తు మీద ఎండ పడింది. బ్లాకు చుట్టూ రెండు చుట్లు తిప్పి, లారీ ముందు ఆపి హారన్ కొట్టింది. లారీ వాడు నవ్వుకుంటూ ఖాళీ బండి తిప్పుకున్నాడు. మొగిలి చప్పట్లు కొట్టడానికి కుర్చీలోంచి లేచి రెండడుగులు వేశాడు.

"నువ్వు గూడ నడిచినవ్, ఇగ నిన్ను గూడ ఉంచుకుంటరు," అంది అక్క.

మునిస్వామి గారు జీపు చుట్టూ నడిచి, బానెట్ మీద చెయ్యి వేశారు. "నడస్తా ఉండాది. ఇంగ నేనేమీ అనను కనకమ్మా. కానీ ఆయిలు? ఇప్పుడు గూడా కారతానే ఉండాది కదమ్మా."

అందరూ వంగి చూశారు. గేరు డబ్బా అడుగు నుంచి బొట్టు బొట్టుగా పడుతోంది.

"పాత ప్యాకింగే పెట్టి బిగించినం సార్, అందుకే. దళసరి కాగితం కోసి మూత కింద పెడితె బందయితది. మామూలు కాగితం ఆగదు." అక్క చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది. "చెల్లె, జర లిఫ్టు కాడికి పోయి ఆ నోటీసు తెచ్చియ్యవా? అంచులు చినగకుండ మెల్లగ తియ్యి."